కొత్త సర్వమాన్యాలు

‘పన్ను కట్టేది మేము, అనుభవించేది వాళ్ళు’. రిజర్వేషన్ల మీదో, సంక్షేమ పథకాల మీదో చర్చ మొదలైన ప్రతిసారీ ఈ మాట ఎవరో ఒకరి నోట వినబడుతుంది. ఇందులో ‘మేము’ ఎవరో, ‘వాళ్ళు’ ఎవరో విడమరచి చెప్పనవసరం లేదు. మన సమాజంలో సర్వనామాలకు కూడా కులం ఉంటుంది. అందుకే పన్నుల చర్చను ఆర్థికవేత్తలకూ ఆడిటర్లకూ వదిలివేయడం పీడిత కులాలకు క్షేమం కాదని నా అభిప్రాయం. ఎవరి వద్ద ఎంత వసూలు చేయాలి, ఎవరికి ఎంత మినహాయించాలి అన్నది ఈ దేశంలో మొదటినుంచీ కులప్రశ్నే.

మన శాసనాలలో తరచు కనిపించే మాట ‘సర్వమాన్యం’. ఏ పన్నూ లేకుండా అనుభవించమని పాలకుడు దానమిచ్చిన భూమి అది. అగ్రహారాలనేకం ఆ పద్ధతిలో వెలసినవే. అదే కాలంలో వెలివాడ తన పన్నును చెమట రూపంలో చెల్లించింది. నిజాం కాలపు తెలంగాణలో మాల మాదిగలు చేసిన వెట్టిచాకిరీ పన్ను కాక మరేమిటి? ఒకరికి పన్ను లేని భూమి, మరొకరికి భూమి లేని పన్ను. ఇదే కులవ్యవస్థ రాసుకున్న ఆర్థికశాస్త్రం.

ఈ అన్యాయాన్ని చట్టసభలో నిలదీసినవాడు అంబేడ్కర్. ఆయన కొలంబియా విశ్వవిద్యాలయంలో పరిశోధించింది ప్రభుత్వ ఆర్థిక వ్యవహారాల మీదనే. 1927లో బొంబాయి లెజిస్లేటివ్ కౌన్సిల్‌లో బడ్జెట్‌పై మాట్లాడుతూ ఆయన భూమిశిస్తునూ ఆదాయపు పన్నునూ పక్కపక్కన పెట్టి చూపారు. ఆదాయపు పన్నుకు ఒక కనీస పరిమితి ఉంది, అంతకు తక్కువ ఉన్నవాడు కట్టనక్కర లేదు. భూమిశిస్తుకు ఆ దయ లేదు. చిన్న కమతం గలవాడైనా పెద్ద భూస్వామి అయినా కట్టవలసిందే. శక్తికి తగిన పన్ను అనే సూత్రం అంటరాని కులాల రాజకీయంలో ఆనాడే భాగమైందని గుర్తుంచుకోవాలి.

స్వతంత్ర భారతం ఆ సూత్రాన్ని కొంతకాలం పాటించింది. 1953లో వారసత్వ ఆస్తిపై ఎస్టేట్ డ్యూటీ, 1957లో సంపద పన్ను వచ్చాయి. ఆ తరువాత ఒక్కొక్కటీ జారిపోయింది. ఎస్టేట్ డ్యూటీని 1985లో రద్దు చేశారు. అప్పటి ఆర్థికమంత్రి వి.పి. సింగ్. అయిదేళ్ళ తరువాత మండల్ సిఫారసుల అమలును ప్రకటించి బహుజనుల మన్ననలందుకున్నది కూడా ఆయనే. ఉద్యోగంలో వాటా ఇచ్చిన చేయీ, వారసత్వ సంపదను తాకనివ్వని చేయీ ఒక్కటే కావడం యాదృచ్ఛికం అనుకోను. రిజర్వేషన్లను అంగీకరించిన పార్టీలేవీ ఆస్తుల జోలికి పోవు. 2015 బడ్జెట్ సంపద పన్నును ఎత్తివేసింది. 2019 సెప్టెంబరులో కంపెనీల పన్ను మూలరేటు, మినహాయింపులు వదులుకునే కంపెనీలకు, 30 నుంచి 22 శాతానికి దిగింది. 2023 బడ్జెట్ కొత్త పన్ను విధానంలో అత్యధిక ఆదాయవర్గంపై సర్‌చార్జిని 37 నుంచి 25 శాతానికి తగ్గించింది.

2019 కోత వల్ల ఏటా 1 లక్షా 45 వేల కోట్ల రూపాయల ఆదాయం వదులుకుంటున్నామని ప్రభుత్వమే ప్రకటించింది. ఆ మరుసటి ఏడాది డిసెంబరులో దళిత విద్యార్థుల పోస్ట్‌మెట్రిక్ ఉపకారవేతనాలకు కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన మొత్తం అయిదేళ్ళకు, రాష్ట్రాల వాటాతో కలిపి, 59,048 కోట్లు. నాలుగు కోట్లమందికి పైగా పిల్లల అయిదేళ్ళ చదువుకు పెట్టేదానికి రెండింతలకు పైబడిన సొమ్మును కంపెనీలకు ఒక్క ఏడాదిలో వదిలేశారు. మొదటిదాన్ని సంక్షేమ భారం అంటున్నారు, రెండోదాన్ని సంస్కరణ అంటున్నారు.

ఆ నష్టం ఢిల్లీ ఖజానాతో ఆగదు. కంపెనీల పన్ను రాష్ట్రాలతో పంచుకునే నిధిలోనిది. అప్పటి లెక్కన రాష్ట్రాల వాటా 42 శాతం. సర్‌చార్జీలు, సెస్సులు మాత్రం ఆ పంపకంలోకి రావు. గురుకులాలూ హాస్టళ్ళూ నడిపేది రాష్ట్రాలే కనుక పైన వదిలేసిన రూపాయి కింద హాస్టల్ కంచంలో తక్కువవుతుంది. దీర్ఘ పోరాటంతో 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపప్రణాళిక చట్టం సాధించుకున్నాం. జనాభా దామాషాలో వాటా అని అది హామీ ఇచ్చింది. కుండే చిన్నదైతే దామాషా ఏం చేస్తుంది?

ఇక పేదరికానికి ఈ ప్రభుత్వాలు గీసిన గీతలు చూడండి. పోస్ట్‌మెట్రిక్ ఉపకారవేతనం కావాలంటే దళిత కుటుంబ వార్షికాదాయం రెండున్నర లక్షలు దాటరాదు. దళిత, ఆదివాసీ, బీసీలు కానివారికి మాత్రమే వర్తించే ఆర్థిక బలహీన వర్గాల కోటాలో ఆ గీత 8 లక్షల వద్ద ఉంది. 2025 బడ్జెట్ ప్రకారం కొత్త విధానంలో 12 లక్షల దాకా పన్ను లేదు. పథకాలు వేరు, ప్రయోజనాలు వేరు అనవచ్చు. కానీ మూడు గీతలనూ గీసింది ఒకే రాజ్యం. దళితుడి పేదరికం మాత్రమే అంత తొందరగా ఎందుకు తీరిపోతుందో ఆ రాజ్యం చెప్పాలి. జీతాల మీద బతికే మధ్యతరగతికి, అందులోని మొదటితరం దళిత ఉద్యోగులకు 12 లక్షల మినహాయింపు ఊరటే. నా తగవు వారితో కాదు.

‘వాళ్ళు పన్ను కట్టరు’ అన్న మాట కూడా నిలవదు. భూమిలేని కూలీ తన ఫోన్ రీచార్జి మీద కోటీశ్వరుడితో సమానంగా 18 శాతం జీఎస్టీ కడుతున్నాడు. ఆటో నడిపేవాడు ఇంధనం మీద కడుతున్నాడు. మద్యం దుకాణం నుంచి వచ్చే ఎక్సైజు ఆదాయం ఎవరి కూలిడబ్బుల నుంచి వస్తుందో వాడవాడకూ తెలుసు. ఆదాయపు పన్నుకు రసీదు ఉంటుంది, గౌరవం ఉంటుంది. పరోక్ష పన్నుకు రెండూ లేవు. మరోవైపు వ్యవసాయ ఆదాయం ఎంత ఉన్నా కేంద్ర ఆదాయపు పన్ను పడదు. 2018లో వచ్చిన రైతుబంధు ఎకరాల పరిమితి లేకుండా పెద్ద కమతాలకూ చెల్లించింది, కౌలురైతును మాత్రం పక్కన పెట్టింది. ఈ సాయాలూ మినహాయింపులూ భూమిని వెంబడిస్తాయి, భూమి కులాన్ని వెంబడిస్తుంది.

పన్నులు పెంచితే పెట్టుబడి పారిపోతుందన్న వాదనను తేలిగ్గా తీసుకోను. 1973-74లో గరిష్ఠ రేటు 97.75 శాతం దాకా పోయి ఎగవేతనే పెంచింది. ఆ రోజులు తిరిగి రావాలని ఎవరూ కోరడం లేదు. సంపద పన్ను చివరికి ఏటా వెయ్యి కోట్లే తెచ్చిందన్నదీ నిజమే. అయితే కంపెనీ వాటాల వంటి అసలు సంపదను 1990ల ఆరంభంలోనే దాని పరిధి నుంచి తప్పించారు. కాళ్ళు కట్టేసి పరుగెత్తలేదని నిందించడం న్యాయం కాదు. ప్రపంచ అసమానతల పరిశోధకులు 2024లో ప్రచురించిన అంచనా ప్రకారం దేశంలోని బిలియనీర్ల సంపదలో 88.4 శాతం అగ్రకులాలదే. 10 కోట్లకు మించిన నికర సంపదపై ఏటా 2 శాతం, అంతకు మించిన వారసత్వంపై 33 శాతం పన్ను వేస్తే స్థూల దేశీయోత్పత్తిలో 2.73 శాతం సమకూరుతుందని వారే లెక్కగట్టారు. వయోజనులలో 99.96 శాతం మందికి ఆ పన్ను తగలనే తగలదు. అయినా 2024 ఎన్నికలలో వారసత్వ పన్ను మాట పొరపాటున దొర్లగానే పాలకపక్షం దాన్ని భయపెట్టే ఆయుధం చేసుకుంది. ప్రతిపక్షం మాకా ఉద్దేశమే లేదని చేతులు దులుపుకుంది.

రాబోయే జనగణనలో కులాన్ని లెక్కిస్తామంటున్నారు. తలలు లెక్కపెడితే చాలదు, భూమినీ ఆస్తినీ కులాలవారీగా లెక్కించాలి. సంపద పన్నును, వారసత్వ పన్నును పెద్ద ఆస్తులకే పరిమితం చేసి తిరిగి తేవాలి. వ్యవసాయ ఆదాయంలో ఉన్నత పరిమితికి మించినదాన్ని పన్ను కిందికి తేవాలి. ఉపకారవేతనాల ఆదాయ పరిమితిని 8 లక్షలకు పెంచాలి. సామాజిక న్యాయం మాట్లాడే ప్రతి పార్టీనీ ఓటు అడగడానికి వచ్చినప్పుడు ఈ నాలుగింటి మీద నిలదీయాలి. రాజులు పోయారు, రాగిశాసనాలు మ్యూజియం చేరాయి. సర్వమాన్యాలు మాత్రం బడ్జెట్ ప్రసంగాలలో ఏటేటా కొత్తగా జారీ అవుతూనే ఉన్నాయి. వాటిని చదవడం నేర్చుకోవడం బహుజన రాజకీయాలకు ఇప్పుడు అత్యవసరమైన అక్షరాస్యత.