కూనల కబురు సరే, మిగతా లెక్కేది?

నగరంలోని జూలో పులి ఈనిందంటే మర్నాడు పత్రికల్లో ఫొటో ఖాయం. ఎక్కడి నుంచో సింహమో జీబ్రానో వచ్చినా అంతే. 'కొత్త అతిథులు వచ్చారోచ్' అని శీర్షిక పెడతారు. ఏ మంత్రిగారో కూనకి పేరు పెడతారు. ఆదివారం టికెట్ కౌంటర్ దగ్గర క్యూ పెరుగుతుంది. అసలు ఆ కూన తల్లిదండ్రులు ఒకదానికొకటి ఏమవుతాయి, వాటిని ఎందుకు జతకట్టించారు, పెద్దయ్యాక ఈ కూనని ఎక్కడ ఉంచుతారు, కిందటిసారి ఇంతే ఆర్భాటంగా దించిన జంతువు ఇప్పుడు ఎలా ఉంది అని మాత్రం ఎవరూ అడగరు. జూలో పుట్టుక దానంతటదే విజయమేమీ కాదు. ఒక్కోసారి అది అజాగ్రత్తకు గుర్తు. ముందే ఆలోచించి తీసుకున్న నిర్ణయమైతేనే దాన్ని విజయమనాలి. అలాంటి నిర్ణయం జరిగిందో లేదో తెలుసుకునే హక్కు టికెట్ కొన్నవాళ్లకుంది.

ఆ వివరాలు ఎక్కడా లేవనుకుంటే పొరపాటు. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద 1992లో ఏర్పడిన సెంట్రల్ జూ అథారిటీకి ప్రతి జూ ఏటా జంతువుల లెక్క అప్పజెప్పాలి. ఏడాది మొదట్లో ఎన్ని ఉన్నాయి, ఎన్ని పుట్టాయి, బయటినుంచి ఎన్ని వచ్చాయి, ఎన్నింటిని పంపేశారు, ఎన్ని చచ్చిపోయాయి, చివరికి ఎన్ని మిగిలాయి అన్నవి పక్కపక్క గడుల్లో ఉంటాయి. ఒక జాతి ఎదురుగా 2.3.1 అని ఉంటే రెండు మగవి, మూడు ఆడవి, ఆడో మగో తేలనిది ఒకటి అని అర్థం. 1.0.0 అని కనిపిస్తే జోడు లేకుండా ఒంటిగా బతుకీడుస్తున్న మగ జంతువు ఉందని తెలుసుకోవాలి. ఇలా జంతువుల్ని ఒంటరిగా ఉంచొద్దని, జూలు వాటిని ఒకచోట చేర్చి గుంపులుగా మలచాలని 1998 నాటి జాతీయ జూ విధానం చెప్పింది. ఇన్ని గడుల్లో మనం వార్తగా చదివేది రెండింటినే: పుట్టినవి, వచ్చినవి.

పులినే తీసుకుందాం. మూడున్నర నెలలు మోసి ఒక ఈతలో సాధారణంగా రెండు నుంచి నాలుగు కూనల్ని కంటుంది. తిండికీ వైద్యానికీ లోటుండదు కాబట్టి జూ పులి అడవి పులి కంటే ఎక్కువ కాలం బతుకుతుంది, పదిహేనేళ్లు దాటినవి చాలానే ఉంటాయి. పెద్దపులికి రోజుకి పది కిలోల దాకా మాంసం కావాలి. ఈ పూట మనం ఫొటోలో చూసి మురిసిపోయే కూన ఆ లెక్కన పదిహేనేళ్ల ఖర్చు. ఖర్చు ఎలాగో భరించినా చోటు దొరకదు. పులి ఒంటరి జీవి, ఒకే ఈతలో పుట్టినవైనా ఎదిగాక విడదీయక తప్పదు. ఎన్‌క్లోజర్లు చాలకపోతే ఒకటి ఎండలో తిరుగుతున్నంతసేపూ మిగిలినవి వెనక గదుల్లో వంతు కోసం కాచుకుంటాయి. ఆ గదులు సందర్శకులకు కనిపించవు. ఇక తెల్లపులి సంగతి చెప్పనే అక్కర్లేదు. 1951లో రేవా అడవుల్లో పట్టుకున్న మోహన్ అనే మగకూనని పెంచి, దాని కూతురితోనే జతకట్టిస్తే 1958లో తెల్లకూనలు పుట్టాయి. నేడు ప్రపంచంలోని తెల్లపులుల్లో చాలా భాగం ఆ వంశానివే. మెల్లకన్ను, ఇంకా ఎన్నో లోపాలు తరతరాలుగా వెంట వస్తున్నాయి. తెల్లపులి వేరే జాతి కాదు, అడవిలో దాని కొరత తీర్చే అవసరమూ లేదు. అమెరికాలోని జూల సంఘం 2011లో తన సభ్యుల్ని వీటిని పుట్టించొద్దంది. మన దగ్గర మాత్రం తెల్లకూన పుడితే ఇప్పటికీ పండగే.

పుట్టనివ్వకపోవడమే గొప్ప పని అయిన సందర్భమూ ఉంది. సర్కస్‌లలో సింహాలు, పులులు, ఎలుగుబంట్ల ఆటలపై నిషేధం వచ్చాక వాటికి ఆశ్రయమిచ్చిన చోట్లలో విశాఖ జూ రెస్క్యూ కేంద్రం ఒకటి. సర్కస్ సింహాల్లో ఆఫ్రికా, ఆసియా రక్తాలు కలిసిపోయాయి కాబట్టి వాటి సంతతి గిర్ అడవిలోని ఆసియా సింహాల సంరక్షణకు పనికిరాదు. అందుకే వాటిని జతకట్టనివ్వకుండా ఆయుష్షు ఉన్నన్నాళ్లూ సాకడమే అలాంటి కేంద్రాల పద్ధతి. ఏళ్ల తరబడి ఒక్క కూనా పుట్టకుండా సంఖ్య తగ్గుతూ పోవడమే అక్కడ లక్ష్యం. ఏ శీర్షికా దక్కని విజయమది.

పుట్టుకలే విజయమైన ఉదాహరణ కోసం దూరం పోనక్కర్లేదు. మూషిక జింక మన అడవుల్లోనే ఉన్నా చూసినవాళ్లు తక్కువ. మూడు కిలోల బరువుండే పిరికి జంతువు, రాత్రిళ్లు తిరుగుతుంది. 2010లో హైదరాబాద్ నెహ్రూ జూలాజికల్ పార్కు, జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన లాకోన్స్ ప్రయోగశాల, సెంట్రల్ జూ అథారిటీ కలిసి కొద్దిపాటి జంతువులతో దాని సంతతిని పెంచే పని మొదలుపెట్టాయి. సంఖ్య వందల్లోకి చేరాక 2017లో కొన్నింటిని నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యానికి చేర్చారు. అక్కడా వెంటనే వదిలేయలేదు, ముందు కంచె లోపల అడవికి అలవాటు చేశారు. ఎందుకు పుట్టించాలో, ఎక్కడికి పంపాలో మొదటిరోజే తెలిసిన పని అది. 2006లో లాకోన్స్ కృత్రిమ గర్భధారణతో పుట్టించిన చుక్కలదుప్పి పిల్లదీ అదే దారి. దుప్పులకు కొరతేమీ లేదు, అరుదైన జంతువుల మీద వాడాల్సిన పద్ధతిని ముందు వాటి మీద పరీక్షించారు. రాబందుల సంగతి ఇంకా నెమ్మది. పశువులకిచ్చే డైక్లోఫెనాక్ మందు వల్ల కుప్పకూలిన ఈ పక్షులు ఏడాదికి ఒక్క గుడ్డే పెడతాయి. నాకైతే నాలుగు పులికూనల కంటే ఒక్క రాబందు పిల్ల పెద్ద వార్త. ముద్దొచ్చే ముఖం కాదు కాబట్టి దానికి ఫొటో దొరకదు.

ఇక రాకపోకలు. గుర్తింపు ఉన్న జూల మధ్య రక్షిత జాతుల జంతువుల మార్పిడికి సెంట్రల్ జూ అథారిటీ అనుమతి కావాలని చట్టమే చెబుతోంది. మార్పిడి లేకపోతే జూలు బతకలేవు కూడా. జునాగఢ్‌లోని సక్కర్‌బాగ్ జూ దేశంలోని ఆసియా సింహాల సంతానోత్పత్తి కార్యక్రమానికి కేంద్రస్థానం, అక్కడి నుంచి కొత్త రక్తం రాకపోతే మిగతా జూలలో దగ్గరి చుట్టాల మధ్యే జత కలుస్తుంది. అలాంటి రాకను స్వాగతించాల్సిందే. సౌదీ రాజకుటుంబం హైదరాబాద్ జూకి కానుకగా ఇచ్చిన చీతాల జంటను దాంతో పోల్చి చూడండి. ఆడది 2020లో, మగది 2023లో చనిపోయాయి. వాటికి సంతానం కలగలేదు. ఒక్క జంటతో ఏ జాతీ నిలబడదని తెలిసీ తెచ్చుకున్నాం. కానుకలు దౌత్యానికి పనికొస్తాయేమో గానీ జంతువు వెనక ప్రణాళిక లేకపోతే దాని జీవితం ప్రదర్శనగానే గడిచిపోతుంది.

ఇక్కడ అభ్యంతరాలు లేకపోలేదు. కూనల్ని చూడటానికే జనం వస్తారు, ఆ టికెట్ల డబ్బే రాబందుకీ మూషిక జింకకీ తిండి పెడుతుందంటారు. నిజమే, దత్తత పథకాల్లో కూడా దాతలు ముందడిగేది పులినీ ఏనుగునే. అయితే రాబడి కోసం పుట్టించిన కూన ఏడాదిన్నరకే పెద్దదవుతుంది, మళ్లీ జనాన్ని రప్పించాలంటే మరో ఈత కావాలి. అప్పుతో అప్పు తీర్చడం లాంటిదే ఇది. పిల్లల్ని కని పెంచడం జంతువు సహజ ధర్మం, దాన్ని ఆపడం హింస కాదా అన్నది ఇంతకంటే బరువైన ప్రశ్న. డెన్మార్క్‌లోని కోపెన్‌హాగెన్ జూ ఈ వాదనకు కట్టుబడే సంతాన నిరోధం వద్దనుకుంది. 2014లో మారియస్ అనే ఆరోగ్యమైన జిరాఫీని, దాని జన్యువులు యూరప్ జూలలో ఇప్పటికే సరిపడా ఉన్నాయని చంపి సింహాలకు వేసింది. అక్కడివాళ్ల తర్కంలో పొంతన ఉంది. మన చట్టం గానీ మన మనసు గానీ దానికి ఒప్పుకోవు. పుట్టాక చంపలేమన్నప్పుడు పుట్టకముందే లెక్క చూసుకోవాలి. మధ్యేమార్గంగా ఒక ఆడజంతువుకు ఒకటి రెండు ఈతలు ఇచ్చి, తర్వాత మగవాటిని వేరుచేయొచ్చు, లేదా శస్త్రచికిత్స చేయొచ్చు.

చావుల లెక్క బయటపెడితే కీపర్లనీ డాక్టర్లనీ జనం నిందిస్తారన్న భయం జూ అధికారుల్లో ఉంది. ముసలి జంతువు సహజంగా పోయినా 'జూలో మృత్యుఘోష' అని రాసే మా పత్రికల వాళ్ల తప్పూ ఇందులో ఉంది. కానీ 2021 మేలో హైదరాబాద్ జూలో ఎనిమిది సింహాలకు కరోనా సోకిన విషయాన్ని దాచలేదు. సీసీఎంబీ పరీక్షల ఫలితం దేశమంతటికీ చెప్పారు. సింహాలు కోలుకున్నాయి, జూ పరువుకేమీ కాలేదు. అదే నిబ్బరంతో ఏటా సెంట్రల్ జూ అథారిటీకి పంపే ఆ జంతువుల పట్టికని తెలుగులో, మూడు నెలలకోసారి, జూ గేటు దగ్గర బోర్డు మీద పెట్టొచ్చు. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, క్యూరేటర్ సంతకం చాలు. కూన పుట్టిన రోజున విలేకరులకిచ్చే ప్రకటనలో ఫొటో పక్కనే మూడు వాక్యాలు చేర్చాలి: తల్లిదండ్రుల వంశం ఏమిటి, ఈ ఈత ఏ ప్రణాళికలో భాగం, మూడేళ్ల తర్వాత ఈ కూన ఏ ఎన్‌క్లోజర్‌లో ఉంటుంది. మూడో దానికి జవాబు రాయలేని జూకి ఇంకో ఈతకు అనుమతి ఇవ్వకూడదు.