మోటారు మార్చే ముందు కత్తి చూడండి

దసరా సెలవులకు బెల్లంకొండ వెళ్తే ఇంట్లో ఒకటే చర్చ. చొప్ప నరికే మిషను మూలుగుతోంది, రెండు హెచ్‌పీ మోటారు చాలట్లేదు, మూడు హెచ్‌పీది కొనాలని నాన్న. మెకానికల్ మూడో సంవత్సరం కదా, నేనూ తలూపాను. లోడ్ పెరిగితే పవర్ పెంచాలి, అంతేగా! ఆ డబ్బు నా ఫీజుకు దాచినదాంట్లోంచే తీయాలని అప్పటికి నాకు తెలీదు.

నాయనమ్మ మాత్రం గంపలోంచి నేపియర్ గడ్డి ముక్క తీసి నా చేతిలో పెట్టింది. చివర పీచు వేలాడుతోంది. "ఇది కోసినట్టుందంట్రా? నమిలినట్టుంది" అంది.

ప్లగ్గు పీకి, చక్రం కదలకుండా చెక్క అడ్డుపెట్టి చూశాం. కత్తుల అంచు మొద్దుబారింది. కత్తికీ ఎదురు పట్టీకీ మధ్య సందు పెరిగింది. సందు ఎక్కువైతే కాడ తెగకుండా మడతపడి ఇరుక్కుంటుంది. కరెంటంతా కొయ్యడానికి కాక నలపడానికి పోతుంది. కత్తులు సాన పట్టించి, బోల్టులు సర్ది సందు తగ్గించాం. అదే మోటారు మూలగడం మానేసింది.

ఆ కత్తి వంపుగా ఎందుకుంటుందో కూడా అప్పుడే తలకెక్కింది. తిన్నగా ఉంటే మొత్తం గడ్డి మీద ఒకేసారి పడి మోటారును కుదుపుతుంది. వంపుంటే ఒక పక్క నుంచి జారుతూ కోసుకుపోతుంది. కొడవలి వంపు చేసేదీ ఇదే.

ఇప్పుడు కాలేజీలో లాన్ మోవర్ కనిపిస్తే ఆగి చూస్తున్నా. 1830లో ఇంగ్లండులో ఎడ్విన్ బడ్డింగ్ పేటెంట్ తీసుకున్న మోవర్ కత్తెరలా కోసేది. ఇప్పటి రోటరీ మోవర్ గడ్డిని విసురుగా కొట్టి తెంపుతుంది. 46 సెంటీమీటర్ల బ్లేడు నిమిషానికి 3000 చుట్లు తిరిగితే, కొన వేగం సెకనుకు దాదాపు 72 మీటర్లు! గడ్డిని పైకి లేపడానికి బ్లేడు చివర రెక్కలా వంచుతారు. అంటే అది సగం కత్తి, సగం ఫ్యాను. ఫ్యానుకు పట్టే పవర్ వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. వేగం 10 శాతం తగ్గిస్తే గాలికి పోయే పవర్ 27 శాతం తగ్గుతుంది. కానీ అంచు మొద్దుగా ఉంటే వేగం తగ్గించలేం, గడ్డి తెగదు. పదునుంటేనే పొదుపు.

మనం మోటారు ఎఫిషియెన్సీ మీద పేజీలకు పేజీలు రాస్తాం. అసలు పని జరిగే ఆ అంచు గురించి ఒక్క ప్రశ్న రాయం. సాన పట్టడం ఇంజనీర్ల పనా అంటారేమో. మూడు హెచ్‌పీ మోటారుకు తలూపింది ఇంజనీరే, ముక్క చూసి రోగం చెప్పింది నాయనమ్మ. అందుకే నా మాట: ఒకే మోటారుకు మొద్దు కత్తి ఒకసారి, పదును కత్తి ఒకసారి బిగించి, ఎనర్జీ మీటరుతో తేడా కొలవడం మన ల్యాబులో ఒక ప్రయోగం కావాలి.

మా ఇంట్లో ఆ తేడా కొలవకుండానే వచ్చేశాను, తప్పు నాదే. సంక్రాంతికి మీటరు పట్టుకెళ్తున్నా. రీడింగు ఎంతొచ్చినా ముందు చూపించేది నాయనమ్మకే.