పుక్కిలిస్తే పోతుందా?

2021 మే. కోవిడ్ నుంచి కోలుకున్న రెండో వారంలో నాన్న, పై పన్ను కదులుతోందిరా అన్నారు. అమ్మ వెంటనే యూట్యూబ్ తెరిచింది. ఉప్పు నీళ్లు, పసుపు, బెటాడిన్, ఆఖరికి హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా! పుక్కిలిస్తే వైరస్ గొంతులోనే చచ్చిపోతుందట. లక్షల్లో వ్యూస్. రోజంతా కోడ్‌లో బగ్స్ వెతికే నేను కూడా నమ్మేశా.

మౌత్‌వాష్ కరోనాని ఆపుతుందనడానికి ఆధారం లేదని డబ్ల్యూహెచ్‌ఓ 2020లోనే చెప్పింది. కొన్ని రకాలు నోట్లో కొన్ని క్రిముల్ని కాసేపు తగ్గిస్తాయి, అంతే.

అసలు సంగతి వేరే. నాన్నకి షుగర్, పైగా ఆస్పత్రిలో స్టెరాయిడ్స్ ఇచ్చారు. అలాంటివాళ్లకి పంటి నొప్పి, పళ్లు కదలడం, ముఖం వాపు బ్లాక్ ఫంగస్ లక్షణాలు కావచ్చని ఐసీఎంఆర్ అదే నెలలో హెచ్చరించింది. మేం చూసిన వీడియోల్లో ఒక్కదాంట్లోనూ ఆ ముక్క లేదు. మూడు రోజులు పుక్కిలిస్తూ కూర్చున్నాం. చివరికి డెంటిస్ట్ అయిన మా పిన్ని కూతురు ఫోన్‌లో తిట్టి స్కాన్‌కి పంపింది.

ఫంగస్ లేదు, పాత చిగుళ్ల జబ్బే. ఇప్పటికీ అమ్మ ఏదైనా వీడియో పంపితే, ముందు చెప్పేది డాక్టరేనా అని వెతుకుతా. చాలావాటిలో పేరు కూడా ఉండదు.