పాట బస్టాండుకూ రావాలి

స్టేషన్లలో ఆడి పాడేందుకు, బొమ్మలు గీసేందుకు రమ్మని హైదరాబాద్ మెట్రో 2025లో ‘మీ టైమ్ ఆన్ మై మెట్రో’ పేరుతో యువతను పిలిచింది. మంచి పని, కానీ రాజధానిలోనే ఆగిపోతే ఫలం సగమే. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ బస్సులు చేరే హైదరాబాద్ ఎంజీబీఎస్ బస్టాండు దగ్గరే రెండు మెట్రో మార్గాలు కలుస్తాయి. అక్కడ వినిపించదగ్గ కళ మాత్రం ఈ బస్సులు బయలుదేరే చోటే ఉంది. పన్నెండు మెట్ల కిన్నెరతో 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగిలయ్యది నాగర్‌కర్నూల్ జిల్లాయే. ఆర్టీసీ బస్సు మీదా ఆయన పాట కట్టారు. నారాయణపేట జిల్లా దామరగిద్దలో బుర్రవీణ వాద్యకారుడు దాసరి కొండప్పకు 2024లో అదే గౌరవం దక్కింది. పురస్కారం పేరు తెస్తుంది, శిష్యుణ్ని తేదు. సొరకాయ బుర్రలు కట్టిన ఆ వాద్యాన్ని, తీగ మీద ఆడే వేలిని మూరెడు దూరం నుంచి చూసిన పిల్లవాడికే నేర్చుకోవాలనిపిస్తుంది. ఆ దగ్గరితనం సభావేదిక మీద దొరకదు. బస్సు కోసం అరగంట కూర్చునే సిమెంటు బల్ల దగ్గర దొరుకుతుంది. 2023 డిసెంబరు 9 నుంచి మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది కనుక, సభలకు రాలేని ఆడవాళ్లూ అక్కడ శ్రోతలవుతారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ బస్టాండ్లలో ఆర్టీసీ ఒక్కో మూల కేటాయించాలి. వారానికో సాయంత్రం చాలు. వనపర్తి రాజభవనంలో నడిచే పాలిటెక్నిక్ విద్యార్థుల వంటి యువతను పెద్ద కళాకారుల పక్కన కూర్చోబెట్టాలి. మైకుల హోరు వద్దు, బస్సు ప్రకటన వినపడాలి. భాషా సాంస్కృతిక శాఖ పారితోషికాన్ని ముందే ప్రకటించి, పాడిన రోజే చేతికివ్వాలి.