'బదల్ దో' అనే ముందు గేటును ఒకసారి చేత్తో తోసి చూడండి

మన ఇళ్ళల్లో ఈ మధ్య ఒక మాట బాగా చెలామణీ అవుతోంది: 'బదల్ దో'. మిక్సీ ఆగిందా, బదల్ దో. ఫ్యాను మూలిగిందా, బదల్ దో. గల్ఫ్ పైసలు వచ్చే ఇళ్ళల్లో ఈ మాట ఇంకాస్త ముందే వినిపిస్తుంది. ఇప్పుడు ఆ వరుసలోకి గేటు మోటారు కూడా చేరింది. రిమోటు నొక్కితే పక్కకు జరిగే గేటు ఒకప్పుడు బంగళాల షాన్. ఇవాళ మామూలు ఇళ్ళకీ, ఫంక్షన్ హాళ్ళకీ, స్కూళ్ళకీ ఉంటోంది. ఒక రోజు పొద్దున అది కదలదు. ఎవరో వచ్చి డబ్బా మూత తీసి, తల అడ్డంగా ఊపి, "సెట్ మొత్తం మార్చాలి సార్" అంటారు. మనం పర్సు తీస్తాం.

నా రాయ్ ముందే చెప్పేస్తాను. ఆగిపోయిన మోటారును ముందు బాగుచేయించాలి. మనిషి అడ్డొస్తే ఆగడం తెలియని మోటారును మాత్రం, అది ఎంత చక్కగా నడుస్తున్నా సరే, ఆ రోజే ఆపేయాలి. మనం సరిగ్గా దీనికి ఉల్టా చేస్తున్నాం. నడవనిదాన్ని పారేస్తున్నాం, ఖతర్నాక్‌గా నడుస్తున్నదాన్ని ఉంచుకుంటున్నాం.

ఈ ఫికర్ నాకు అరకు కొండల్లో ఒక గేటు వల్ల మొదలైంది. మా ఆపా వాళ్ళాయన, అంటే మా దుల్హాభాయ్, అనంతగిరి దగ్గర ఒక లాడ్జికి మేనేజరు. లాడ్జి మాత్రం అక్కడి ఆదివాసీ కుటుంబానిది. ఏజెన్సీలో 1/70 చట్టం ఉంది కాబట్టి భూమి ఆదివాసీల చేతుల్లోనే ఉండాలి, ఉండడమే ఇన్సాఫ్. యజమానికి టూరిస్టుల సీజన్‌లో వచ్చేదే ఏడాది సంపాదన. అందులోంచి ముప్పై ఎనిమిది వేలు పెట్టి కొత్త మోటారు కొనాలా వద్దా అన్నది సవాల్. యజమాని దుల్హాభాయ్‌ని అడిగాడు. దుల్హాభాయ్ నాకు ఫోన్ చేశారు.

"అరే, నువ్వు అఖ్బారువాడివి కదా, నలుగురిని అడిగి చెప్పు. ఏప్రిల్‌లో పిడుగుల వాన పడిన రాత్రి నుంచి గేటు ముర్దాలా పడుంది. విశాఖ నుంచి వచ్చినతను సెట్టంతా ఖతం అంటున్నాడు."

"దుల్హాభాయ్, డబ్బాలో ఏం కాలిందో చెప్పాడా?"

"అదేం చెప్పలేదు. రేటు మాత్రం చెప్పాడు."

ఏం పాడైందో చెప్పకుండా రేటు చెప్పేవాడి మాట మీద ఫైస్లా చేయకూడదు. డాక్టరు జబ్బు పేరు చెప్పకుండా ఆపరేషన్ అంటే ఊరుకుంటామా?

స్లైడింగ్ గేటుకు ఉండే సామాను నిజానికి కొంచెమే. ఒక మోటారు, దాని కింద గేరు పళ్ళు, గేటు పొడవునా బిగించిన పళ్ళ పట్టీ, ఎక్కడ ఆగాలో చెప్పే లిమిట్ స్విచ్, ఒక కంట్రోల్ బోర్డు, ఒక కెపాసిటర్, స్తంభాలకు అటూ ఇటూ ఉండే ఫోటోసెల్ కళ్ళు, రిమోటు. వీటన్నిటికీ వేర్వేరు ఉమర్. ఒకటి పోతే అన్నీ పోయినట్టు కాదు.

అందుకే మొదటి పరీక్ష పైసా ఖర్చు లేనిది. మెయిన్ ఆపేసి, మోటారుతో వచ్చే తాళంచెవితో లాక్ విడిపించి, గేటును చేత్తో తోయండి. బరువుగా, కీచుమంటూ కదిలితే కసూర్ మోటారుది కాదు, చక్రాలదీ పట్టాదీ. కొత్త మోటారు తెచ్చినా ఆ చక్రాలే దాన్నీ చంపుతాయి. సులువుగా కదిలితే అప్పుడు డబ్బా వైపు చూడాలి. కొండవాలులో ఉన్న గేటైతే ఒక జాగ్రత్త: లాక్ విడిపించగానే గేటు తనంతట తానే కిందికి పరుగెత్తొచ్చు. రెండు చివర్లా ఆపే స్టాపర్లు ఉన్నాయో లేదో చూశాకే ముట్టుకోవాలి, పిల్లల్ని దూరంగా ఉంచాలి.

తర్వాత ఆలామత్‌లు. మోటారు గుంయ్‌మంటుంది గానీ తిరగదంటే చాలాసార్లు కెపాసిటర్. దాని ధర వందల్లోనే. సగం దాకా వచ్చి వెనక్కి పోతే పట్టాలో రాయో, ఫోటోసెల్ మీద సాలీడు గూడో. దగ్గరికెళ్తేనే రిమోటు పనిచేస్తోందంటే ముందు దాని బ్యాటరీ మార్చండి. రిమోటు దొరకడం లేదన్న ఒక్క సాకుతో సెట్టు మార్చేవాళ్ళున్నారు. బయట విడిగా దొరికే రిసీవర్‌ను పాత బోర్డుకు తగిలిస్తే కొత్త రిమోటుతో పాత మోటారే నడుస్తుంది. అసలు ప్రాణమే లేదంటే ఫ్యూజు, ట్రాన్స్‌ఫార్మరు, లేదా పిడుగు దెబ్బకు కాలిన వారిస్టర్. అది బోర్డు మీద చిన్న బిళ్ళలా ఉంటుంది. ఎక్కువ వోల్టేజీ వస్తే తాను కాలి మిగతా బోర్డును కాపాడడమే దాని పని. ఖుర్బానీ ఇచ్చిన బిళ్ళను చూసి బోర్డు మొత్తాన్ని దఫన్ చేయడం ఏం న్యాయం?

దుల్హాభాయ్ చేత బోర్డుకు ఫోటోలు తీయించాను. ఏ తీగ ఎక్కడిదో కాగితం ముక్కలు అంటించి రాయించాను. బోర్డు విప్పి టిఫిన్ డబ్బాలో పెట్టి బస్సులో ఎస్.కోటకు పంపించారు. అక్కడ రివైండింగ్ షాపు ఉస్తాద్ ఒకాయన వారిస్టర్, ఫ్యూజు, ఒక రిలే మార్చారు. మజ్దూరీతో కలిపి తొమ్మిది వందలు. గేటు కదిలింది.

ఇక్కడితో ఆగితే ఇది ముప్పై ఏడు వేలు మిగిలిన కహానీ. కానీ ఆ ఉస్తాద్ బోర్డు తిరిగిచ్చేటప్పుడు ఒక మాట అన్నారు. "ఫోటోసెల్ తగిలించే చోట తీగ ముక్కతో కలిపేసి ఉంది. చూసుకోండి."

అంటే ఏమిటి? గేటు మూసుకునేటప్పుడు మధ్యలో ఎవరైనా వస్తే చూసి ఆపాల్సిన కళ్ళను ఎవరో మూసేశారు. ఫోటోసెల్ సతాయిస్తుంటే, వర్షాకాలం పొగమంచుకు గేటు మాటిమాటికీ ఆగిపోతుంటే, బాగుచేసే ఓపిక లేనివాళ్ళు ఇలా తీగ ముక్క పెట్టి 'అయిపోయింది' అంటారు. ఎన్నేళ్ళ నుంచి అలా ఉందో తెలియదు. వంటమనిషి పిల్లలు ఆ గేటు పట్టుకుని వేలాడుతూ ఆడుకునేవారు. కొత్త సెట్టు అమ్మజూపినతను కూడా ఈ సంగతి చెప్పలేదు.

దీన్ని మామూలు బాత్ అనుకోకండి. 2010లో బ్రిటన్‌లో వారం తిరక్కుండా ఇద్దరు చిన్నపిల్లలు, ఒకరు మాంచెస్టర్‌లో, ఒకరు వేల్స్‌లోని బ్రిడ్జెండ్‌లో, కరెంటు గేట్లలో ఇరుక్కుని చనిపోయారు. ఆ దేశంలో గేట్ల భద్రత మీద ప్రభుత్వ సంస్థ హెచ్చరికలు జారీ చేసింది. అమెరికాలో 1993 జనవరి నుంచి తయారయ్యే ఇంటి గ్యారేజీ తలుపు మోటార్లకు, మనిషి అడ్డొస్తే గుర్తించి వెనక్కి మళ్ళే ఏర్పాటు చట్టప్రకారం తప్పనిసరి. అక్కడ పిల్లల ప్రాణాలు పోయాకే ఆ కానూన్ వచ్చింది. మనం వాళ్ళ నుంచి రిమోటు తెచ్చుకున్నాం, ఆ ఎహ్‌తియాత్ తెచ్చుకోలేదు.

కాబట్టి రెండో పరీక్ష ఇది. గేటు మూసుకుంటుండగా ఫోటోసెల్ ముందు కర్ర అడ్డం పెట్టండి. గేటు ఆగి వెనక్కి పోవాలి. తర్వాత గేటు దారిలో ఖాళీ అట్టపెట్టె పెట్టండి. దాన్ని నలిపేయకుండా, తగలగానే ఆగాలి. చేయి పెట్టి చూడొద్దు. ఈ రెండిట్లో ఏది ఫెయిలైనా, బాగయ్యేదాకా మోటారు ఆపేసి గేటును చేత్తోనే తెరవండి, మూయండి. లాడ్జిలో అదే చేశారు. రెండు వేలలోపే కొత్త ఫోటోసెల్ జత వచ్చింది. ముసలి చౌకీదార్ ఆ పది రోజులూ చేత్తో తోశారు.

మరి బదల్ దో అనే మాటకు జగా ఎక్కడ? ఉంది. బోర్డుకు ఫోటోసెల్ తగిలించే ఏర్పాటే లేకపోయినా, దేనికైనా తగిలితే ఆగే గుణం లేకపోయినా, మార్చేయండి. గేరు పళ్ళు అరిగిపోయి బాజారులో ఎక్కడా దొరకకపోతే మార్చేయండి. తుప్పుపట్టి డబ్బాలోకి నీళ్ళు వస్తుంటే, ఏడాదిలో మూడోసారి అదే బోర్డు కాలితే, మరమ్మతు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటితే, మార్చడమే అక్లమందీ. పాతదాని మీద ముహబ్బత్‌తో పైసలు పోయడం కూడా దుబారే.

కానీ మార్చినా కొండల్లో ఒక సంగతి మారదు. కాఫీ పూతకు ప్రాణం పోసే మార్చి, ఏప్రిల్ వానలే పిడుగులనూ తెస్తాయి. రాతి నేలలో ఎర్తింగ్ సరిగా దిగదు. నెలల తరబడి తేమ. వెచ్చగా ఉండే డబ్బాలోకి చీమలు, బల్లులు చేరతాయి. పాత బోర్డును చంపిన ఈ దుష్మన్లన్నీ కొత్త బోర్డు కోసం అక్కడే కాచుకుని ఉంటాయి. సర్జ్ ప్రొటెక్టరు పెట్టించడం, ఎర్తింగ్ లోతుగా వేయించి కొలిపించడం, తీగలు డబ్బాలోకి వెళ్ళే రంధ్రాలు మూయించడం, ఇవి చేయకుండా కొత్తది బిగిస్తే వచ్చే ఏప్రిల్‌లో మళ్ళీ ఇదే మాతం. ఇవన్నీ చేస్తే పాతదే ఇంకొన్నేళ్ళు నడవొచ్చు.

ఇంకో మాట మన కౌమ్‌కు సంబంధించింది. 2006లో వచ్చిన సచ్చర్ కమిటీ రిపోర్టు ఏం చెప్పింది? ముస్లింలలో నెల జీతం కన్నా సొంత చేతిపని మీద, చిన్న వ్యాపారం మీద బతికేవాళ్ళే ఎక్కువని చెప్పింది. బండ్ల మరమ్మతు కూడా అందులో ఉంది. విజయనగరం నుంచి కర్నూలు దాకా ఏ మొహల్లాకైనా వెళ్ళండి, వెల్డింగ్, రివైండింగ్, రేడియేటర్, బ్యాటరీ పనుల్లో మన పిల్లలే కనిపిస్తారు. మనమే 'బదల్ దో' అంటూ పోతే వాళ్ళ దస్తర్‌ఖాన్ మీద రోటీ ఎక్కడి నుంచి వస్తుంది? ఉర్దూ మీడియంలో చదివి తర్వాత తెలుగు డిగ్రీ చేసిన నాకు ఒక మాట ఎప్పుడూ ముచ్చటగా ఉంటుంది. తెలుగువాళ్ళంతా వాడే 'మరమ్మతు' మన ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చిన మాటే. మాట మిగిలింది, హునర్ పోతే ఏం లాభం?

ఇప్పుడు కంపెనీలు కూడా ఈ హునర్‌కు దర్వాజా మూస్తున్నాయి. బోర్డు మీద నల్లటి జిగురు పోసి గట్టిపరుస్తారు. పార్టుల మీద నంబర్లు చెరిపేస్తారు. వైరింగ్ బొమ్మ ఇవ్వరు. 2022 జూలైలో కేంద్ర ప్రభుత్వం 'రైట్ టు రిపేర్' మీద కమిటీ వేసి, అదే ఏడాది డిసెంబరు 24న ఒక పోర్టల్ తెరిచింది. వ్యవసాయ పరికరాలు, మొబైళ్ళు-ఎలక్ట్రానిక్స్, గృహోపకరణాలు, వాహనాలు, ఈ నాలుగు రంగాల కంపెనీలు మరమ్మతు సమాచారం అక్కడ పెట్టాలన్నది ఉద్దేశం. ఫ్రాన్స్‌లో 2021లో ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, టీవీల మీద 'ఎంత తేలిగ్గా బాగుచేయొచ్చు' అని పదికి మార్కులు వేసి అమ్మడం మొదలుపెట్టారు. మన హక్ మనం అడగడానికి షాపు కౌంటరే మొదటి చోటు. మోటారు కొనేటప్పుడే వైరింగ్ బొమ్మ, చేత్తో విడిపించే తాళంచెవి, విడి బోర్డు ధర కాగితం మీద అడగండి. ఇవ్వనివాడి దగ్గర కొనకండి.

పారేసిన మోటారు ఎక్కడికి పోతుందో కూడా సోచాయించాలి. ఈ-వ్యర్థాల కొత్త నియమాలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. కానీ ఘాట్ రోడ్డు మీద ఏ మలుపులో ఆగి లోయలోకి చూసినా ప్లాస్టిక్కూ రేకులూ కనిపిస్తాయి. ఆ కొండల్లోనే గోస్తనీ నది పుడుతుంది. ఆ నీళ్ళు తాటిపూడి రిజర్వాయర్‌లో చేరి విశాఖ నల్లాల్లోకి వస్తాయి. బోర్డు మీది సీసం ఎవరి పిల్లల గ్లాసులోకి చేరుతుందో హిసాబ్ వేసేవాళ్ళెవరు? ఇస్రాఫ్ గురించి జుమ్మా బయాన్‌లలో వింటాం, వజూ నీళ్ళ దగ్గర గుర్తు చేసుకుంటాం. చెప్పులు తెగితే తానే కుట్టుకునే ప్రవక్త ఉమ్మత్ మనం. కరెంటు సామాను దగ్గరికి వచ్చేసరికి ఆ సబక్ ఎందుకు మరిచిపోతాం?

అమ్మీలకు, బాజీలకు ఒక గుజారిష్. ఇంట్లో రిమోటు గేటు ఉంటే ఈ ఆదివారం కర్రతో, అట్టపెట్టెతో ఆ రెండు పరీక్షలు చేయించండి. మగవాళ్ళు 'బాగానే నడుస్తోంది కదా' అంటారు. బాగా నడవడం సరే, ఆగడం వచ్చా అని అడగండి.