నట్టుకు మొండితనం ఉండదు

మెకానిక్ షెడ్డు పక్కనుంచి వెళుతున్నప్పుడు మీరు ఒక మాట వినే ఉంటారు. "ఇది మొండి నట్టురా, ఊడి రాదు!" సైకిలు బాగు చేసుకుంటూ మీరు కూడా ఎప్పుడో ఒకప్పుడు ఆ మాట అనే ఉంటారు. ఆ మాట తప్పని నా అభిప్రాయం. మాట ఏదైతేనేం, నట్టు ఊడితే చాలు కదా అంటారా? ఆ మాటను నమ్మడం వల్లనే చాలాసార్లు నట్టు ఊడదు. పైగా బోల్టు విరుగుతుంది. నేను విరగ్గొట్టిన కథే చెబుతాను, వినండి.

మా ఇంట్లో పాత అంబాసిడర్ కారు ఒకటి ఉంది. ఇంగ్లండువారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు నమూనా మీద మన దేశంలో తయారైన బండి అది. ఆ కార్ల తయారీ 2014లో ఆగిపోయింది. ఏళ్ల తరబడి చెట్టుకింద పడి ఉన్న మా బండిని మళ్లీ రోడ్డెక్కించాలని నేను పూనుకున్నాను. తెలిసిన పనులు నేను చేయడం, తెలియనివి ఒక పెద్ద వయసు మెకానిక్‌ను అడగడం మా ఒప్పందం.

ఇంజనులో కాలిన వాయువులు మానిఫోల్డ్ అనే పోత ఇనుప భాగంలోంచి సైలెన్సరు గొట్టంలోకి పోతాయి. ఆ రెండింటినీ కలిపి ఉంచే నట్లను విప్పాలి. ఒకదానికి స్పానరు తగిలించి లాగాను. కదలలేదు. గట్టిగా లాగాను. స్పానరు జారి నట్టు మూలలు అరిగాయి. నాకు కోపం వచ్చింది. స్పానరు పొడవు 20 సెంటీమీటర్లు. దానికి ఇనుప గొట్టం తొడిగి 60 సెంటీమీటర్లు చేశాను. భౌతికశాస్త్రం చదివినవాణ్ణి కదా! చేతి బలం అంతే ఉన్నా, దూరం మూడు రెట్లయితే బల భ్రామకం కూడా మూడు రెట్లవుతుంది. మళ్లీ లాగాను. నట్టు తిరిగింది! ఒక్క క్షణం సంతోషించాను. తర్వాత చూస్తే, నట్టుతో పాటు సగం స్టడ్డు కూడా నా చేతిలో ఉంది. మిగతా సగం మానిఫోల్డులోనే ఉండిపోయింది.

సాయంత్రం మెకానిక్ వచ్చి చూశాడు. నేను "మొండి నట్టు" అన్నాను. ఆయన నవ్వి, "నట్టుకు మొండితనం ఎక్కడిది బాబూ? అది తుప్పు పట్టింది, అంతే. మొండితనం మీదే" అన్నాడు.

ఆ మాటలో ఎంత విజ్ఞానం ఉందో ఆలోచించండి. తుప్పు అంటే ఏమిటి? ఇనుము గాలిలోని ఆక్సిజన్‌తోను, తేమతోను కలిసి ఆర్ద్ర ఐరన్ ఆక్సైడుగా మారడమని మీరు చదువుకున్నారు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నారు. అయితే మరో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. తయారైన తుప్పు, తాను తిన్న ఇనుము కంటే రెండు రెట్లకు మించిన చోటు ఆక్రమిస్తుంది. నట్టు మరలకూ స్టడ్డు మరలకూ మధ్య ఉన్న సందు చాలా చిన్నది. అందులో తుప్పు పెరిగితే ఎక్కడికి పోతుంది? రెండింటినీ నొక్కి పట్టుకుంటుంది. అంటే మన శత్రువు నట్టు కాదు, ఆ సందులోని తుప్పు. నేను నా బలమంతా తుప్పు మీద కాక, 8 మిల్లీమీటర్ల మందం కూడా మిగలని స్టడ్డు మీద ప్రయోగించాను. బలహీనమైనది విరిగింది. భ్రామకం సూత్రం తప్పు కాదు, దాన్ని వాడిన చోటు తప్పు.

మరి రెండో నట్టును ఆయన ఎలా విప్పాడు?

మొదట తీగల బ్రష్షుతో పైకి కనిపించే మరలను శుభ్రం చేశాడు. నట్టు సందులో కిరోసిన్ పోసి, "రేపు చూద్దాం" అని వెళ్లిపోయాడు. మర్నాడు మళ్లీ పోశాడు. కిరోసిన్‌కు స్నిగ్ధత తక్కువ. అందుకే సన్నని సందుల్లోకి సులువుగా పాకుతుంది. దీపం వత్తిలో నూనె పైకి ఎక్కేదీ ఈ కేశనాళికీయత వల్లనే. దానికి బలం అక్కరలేదు, సమయం కావాలి. ఇంజనీర్ల అంచనా ప్రకారం, నట్టు బిగించేటప్పుడు మనం పడే శ్రమలో ఇంచుమించు పదింట తొమ్మిది వంతులు ఘర్షణకే పోతుంది. కాబట్టి ఘర్షణ తగ్గితే పని ఎంత తేలికవుతుందో ఊహించండి.

తర్వాత స్పానరు మార్చాడు. నేను వాడింది 13 మిల్లీమీటర్లది. నట్టేమో అంగుళాల కొలతది, అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. ఆ 0.3 మిల్లీమీటరు తేడాయే నట్టు మూలలను అరగదీసింది. ఆయన సరైన కొలతగల రింగు స్పానరు తెచ్చాడు. మామూలు స్పానరు రెండు ముఖాలనే పట్టుకుంటుంది. ఆరు మూలల రింగు అన్ని వైపులా పట్టుకుంటుంది.

చివరగా వేడి. ముందు కార్బురేటరు తీసేశాడు. మానిఫోల్డును గొట్టంతో సహా విప్పి, పెట్రోలుకు దూరంగా ఇటుకల మీద పెట్టి, కిరోసిన్ పూర్తిగా తుడిచి ఆరనిచ్చాడు. అప్పుడు నట్టును మాత్రమే వేడి చేశాడు. మీరు బండి చక్రానికి ఇనుప పట్టా వేయడం గురించి వినే ఉంటారు. పట్టాను కాల్చితే వ్యాకోచించి చక్రం మీదికి ఎక్కుతుంది. నీళ్లు పోస్తే బిగుస్తుంది. ఇక్కడ కూడా నట్టు స్టడ్డు కంటే ముందు వేడెక్కి, దాని రంధ్రం పెద్దదవుతుంది. ఎంత? 200 డిగ్రీలు వేడెక్కితే 8 మిల్లీమీటర్ల రంధ్రం సుమారు 0.02 మిల్లీమీటరు పెరుగుతుంది. వెంట్రుక మందంలో సగం కూడా కాదు. కాని పెళుసైన తుప్పు పొర చిట్లడానికి అదే చాలు. (ఈ పని పెద్దలు లేకుండా మీరు చేయవద్దు.)

నట్టును ఆయన వెంటనే విప్పలేదు. బిగించే వైపు రవ్వంత తిప్పాడు. తర్వాత విప్పే వైపు. మళ్లీ బిగించే వైపు. అలా అటూ ఇటూ ఆడిస్తే తుప్పు పొడి అయి రాలింది. నట్టు మెల్లగా ఊడి వచ్చింది. స్టడ్డు చెక్కుచెదరలేదు.

"ఒక నట్టుకు రెండు రోజులా? కోసి పారేసి కొత్తది వేస్తే పోలేదా?" అని మీలో కొందరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కొన్నిసార్లు కోయక తప్పదు, ఆ మెకానిక్ కూడా కోస్తాడు. కాని అది చివరి మార్గం కావాలి. నట్టు ఖరీదు కొద్ది రూపాయలే. మానిఫోల్డులో విరిగిన స్టడ్డును డ్రిల్లుతో తొలిచి తీయడానికి నాకు ఒక రోజంతా పట్టింది. తొందరపడి నేను మిగుల్చుకున్న సమయం ఏమీ లేదు.

అసలు కారణం అన్నిసార్లూ తుప్పే కానక్కరలేదు. మీ సైకిలు ఎడమ పెడల్‌ను విప్పి చూడండి. మామూలుగా విప్పే వైపు తిప్పితే అది ఇంకా బిగుస్తుంది. ఎందుకంటే దాని మరలు ఎడమవైపు మరలు. ఆ సంగతి తెలియనివాడు దాన్నీ మొండిదే అంటాడు.

అందుకే నేను అనేదేమంటే, "మొండి" అనగానే మనం కారణం వెతకడం మానేస్తాం. ఇక మిగిలేది బలమే. తరగతిలో లెక్క రాని పిల్లవాణ్ణి "మొద్దు" అనడమూ ఇలాంటిదే. వాడికి ఎక్కడో ఒక మెట్టు అర్థమై ఉండదు. ఆ మెట్టు ఏదో కనుక్కోకుండా గదమాయిస్తే ఏమవుతుంది? నా స్టడ్డుకు ఏమైందో చూశారు కదా!

మానిఫోల్డుకు ఈసారి ఇత్తడి నట్లు వేశాం. ఇత్తడి తుప్పు పట్టదు. విరిగిన స్టడ్డు ముక్కను మాత్రం నా బల్ల మీద ఉంచుకున్నాను. దేనిమీదనైనా కోపం వచ్చి ఇనుప గొట్టం కోసం వెతకబోయేటప్పుడు ఒకసారి దానివైపు చూస్తాను.