చీటీలో ఏం రాశారో అడగండి

గాజువాక ఆటోనగర్‌లో చెయ్యి రేకుకు తెగినా, బీచ్‌రోడ్డులో బండి జారి మోకాలు చీరుకుపోయినా మనం ముందు పరుగెత్తేది దగ్గర్లోని క్లినిక్‌కే. కుట్లు వేస్తారు, కట్టు కడతారు, చీటీ ఇస్తారు. అందులో ఏముందని అడిగేది ఎంతమంది?

‘ఐ అండ్‌ డి’ అంటే గడ్డ కోసి చీము తీయడం. ‘డెబ్రిడ్‌మెంట్‌’ అంటే పుండులో చచ్చిన కండను తొలగించడం. షుగరున్న నాన్నగారి పాదానికి ఈ మాట రాశారనుకోండి. మామూలు డ్రెస్సింగే కదా అని మళ్లీ వెళ్లకపోతే వేలు తీసేయాల్సిన పరిస్థితి రావచ్చు. ‘టీటీ’ బదులు ‘టీడీ’ అని ఉంటే కంగారొద్దు. అది ధనుర్వాతంతో పాటు కంఠసర్పికీ టీకా.

‘సూచర్‌’ అంటే కుట్టు. కొన్ని కుట్లు వాటంతటవే కరిగిపోతాయి, కొన్ని తీయించుకోవాలి. ముఖం మీదివి సుమారు 5 రోజులకు, కాళ్ల మీదివి 10 నుంచి 14 రోజులకు తీస్తారు. ఎన్ని కుట్లు వేశారు, ఎప్పుడు రావాలి అనేది తెలుగులో రాసివ్వడం డాక్టర్లకు అర నిమిషం పని. రాయకపోతే మీరే అడిగి రాయించుకోండి. రేపు కేజీహెచ్‌కు వెళ్లాల్సి వచ్చినా ఆ చీటీయే ఆధారం.

గాయం మీద కాఫీపొడి అద్దకండి. దాన్ని కడగడమే నర్సుకు సగం పని! మన సముద్రపు ఉక్కకు కట్టు చెమటకే తడిసిపోతుంది. తడిస్తే మార్పించండి. ఎర్రదనం పాకినా, చీము కారినా, జ్వరం వచ్చినా కుట్లు తీసే తేదీ దాకా ఆగకుండా ఆ రోజే వెళ్లండి.